14 పెట్టెలు, 63 ఏళ్లు: ఎలియట్ ఉత్తరాల వెనుక కథ

కవి టి.ఎస్. ఎలియట్ తన చిరకాల స్నేహితురాలు ఎమిలీ హేల్‌కు రాసిన 1,131 ఉత్తరాలు 2020 జనవరి 2న అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాఠకుల చేతికొచ్చాయి. అప్పట్లో అక్కడే కూర్చుని చదువుకునే వీలుండేది, అచ్చు వేసుకోవడానికి మాత్రం వీల్లేదు. అన్నేళ్లు మూసి ఉంచాక కూడా ఈ షరతు ఎందుకన్నది చాలామందికి అర్థం కాలేదు.

ఇద్దరికీ 1912లోనే పరిచయం. ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1930 నుంచి 1956 దాకా రాసినవి. 1956లో హేల్ వాటిని ప్రిన్స్‌టన్‌కు ఇచ్చేశారు. తామిద్దరిలో చివరివారు చనిపోయిన 50 ఏళ్లకు గానీ తెరవకూడదని షరతు. ఎలియట్ 1965 జనవరి 4న, హేల్ 1969 అక్టోబరు 12న కన్నుమూశారు. కాబట్టి గడువు 2019 అక్టోబరులో తీరింది. సిబ్బంది 14 పెట్టెలూ తెరిచి, జాబితా రాసి, పాఠకులకు సిద్ధం చేసేసరికి జనవరి వచ్చింది. మార్చిలో కోవిడ్‌తో గ్రంథాలయమే మూతపడింది.

తాను బతికుండగానే ఉత్తరాలు గ్రంథాలయానికి చేరడం ఎలియట్‌కు నచ్చలేదు. 1960లో తన వైపు మాట రాసి హార్వర్డ్‌కు అప్పగించారు. ప్రిన్స్‌టన్ పెట్టెలు తెరిచినప్పుడే దాన్నీ బయటపెట్టాలన్నారు, అలాగే జరిగింది. హేల్ తనకు రాసిన ఉత్తరాలను మాత్రం సహోద్యోగి చేత నాశనం చేయించారు. ఈ కథలో పూడ్చలేని నష్టం ఇదే. సంభాషణలో ఒక గొంతే మిగిలింది. హేల్ ఏం అడిగారో, ఏ మాటకు నొచ్చుకున్నారో ఎలియట్ జవాబుల్లోంచే ఊహించుకోవాలి.

అచ్చు సంగతికి వస్తే, ఉత్తరం అందుకున్నవారికి దక్కేది కాగితం మీద హక్కే. రాతమీది కాపీరైట్ రాసినవారిది, తర్వాత వారసులది. అందువల్ల హేల్ కాగితాలను దానం చేయగలిగారు, అచ్చుకు అనుమతి ఇవ్వలేకపోయారు. అమెరికా చట్టంలో అచ్చుకాని రాతకు రచయిత మరణానంతరం 70 ఏళ్ల రక్షణ ఉంది, అంటే 2035 చివరిదాకా. 2023లో ఎలియట్ ఎస్టేట్ (ఆయన రచనల హక్కులు చూసే సంస్థ) జాన్ హాఫెండెన్ సంపాదకత్వంలో వాటిని తానే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది కాబట్టి అందరికీ చదివే వీలు కలిగింది.

మన 1957 కాపీరైట్ చట్టం తీరు కొంచెం వేరు. ప్రజలకు ప్రవేశం ఉన్న గ్రంథాలయంలోని అచ్చుకాని రాతకు పరిశోధన కోసమో, ప్రచురణ కోసమో నకలు తీసుకోవచ్చు. రచయిత ఎవరో తెలిస్తే, ఆయన చనిపోయి 60 ఏళ్లు దాటి ఉండాలి. చలం 1979లో పోయారు. ఆయన అచ్చుకాని ఉత్తరం ఏదైనా అలాంటి గ్రంథాలయంలో ఉంటే, వారసుల అనుమతి లేకుండా నకలు తీయడానికి 2039 దాకా ఆగాలి.

అందుకే ఇంట్లోని ఉత్తరాలను గ్రంథాలయానికి ఇచ్చేవారు రెండు కాగితాలు రాయించుకోవడం మంచిది: ఒకటి దానపత్రం, రెండోది రాసినవారి వారసుల నుంచి ప్రచురణ అనుమతి. మూసి ఉంచాలనుకుంటే తెరిచే తేదీని స్పష్టంగా వేయాలి. 'కొంతకాలం తర్వాత' అని రాస్తే తెరవడానికి ఏ అధికారీ సాహసించడు. కవర్లు పారేయకూడదు. చాలామంది ఉత్తరంలో తేదీ, నెల వేసి సంవత్సరం వదిలేస్తారు, అది దొరికేది పోస్టు ముద్రలోనే. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేయాలి. చిరిగినచోట సెల్లోటేపు అతికించొద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది.