“ఆకే కదా” అని మింగేముందు: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో మందుల షాపులో పనిచేసే ఫార్మసిస్టుని. షుగర్ మాత్రల చీటీ తీసే సంచిలోనే చాలాసార్లు న్యూస్‌పేపర్లో కట్టిన ఆకు పొడి పొట్లం కనిపిస్తుంది. అడిగితే “ఏటవుతాది బాబూ, ఆకే కదా!” అంటారు.

అపోహ: చెట్టు మందుని ఏ మాత్రతోనైనా వేసుకోవచ్చు.

పొడపత్రి, కాకర రసం షుగర్ తగ్గిస్తాయనే కదా తాగుతున్నారు! గ్లిమిపిరైడ్ మాత్ర పనీ అదే. రెండూ పడి, టిఫిన్ ఆలస్యమైతే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు మొదలైతే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. కిడ్నీలు బాగోలేని వాళ్లలో ఆ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. తేరుకున్నాక కూడా షుగర్ మళ్లీ పడొచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కూరలో కాకరకాయకి భయం అక్కర్లేదు. నా బాధంతా రోజూ గ్లాసుల్లో తాగే రసం గురించి, క్యాప్సూళ్ల గురించి.

అపోహ: కిడ్నీ జబ్బుకి నోని జ్యూస్ లాంటివి మేలు.

ఈ మాట నన్ను ఎక్కువ భయపెడుతుంది. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. ఆ నిస్సహాయతలో ఎవరేం చెప్పినా తాగేస్తారు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ నోనిలో పొటాషియం ఉంటుంది. బీపీకి వాడే టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియం పెంచగలదు. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే, పైకి ఏ లక్షణమూ లేకుండానే గుండె లయ తప్పొచ్చు. ఇలాంటి వాళ్లు కొబ్బరి నీళ్లు తాగాలన్నా డాక్టరుని అడగాలి.

అపోహ: మాత్రకీ చెట్టు మందుకీ గంట తేడా ఉంటే చాలు.

కొన్నింటికి తేడా పనికొస్తుంది. థైరాయిడ్ మాత్రకీ ఇసబ్‌గోల్‌కీ మధ్య నాలుగు గంటలు ఉంచమంటాం. పంపర పనసకి ఆ లెక్క కుదరదు. అందులోని పదార్థాలు పేగుల్లో మందుని విరగ్గొట్టే ఎంజైమును పనిచేయనివ్వవు. అది మళ్లీ తయారవడానికి రోజు పైనే పడుతుంది. పొద్దున పండు తిని రాత్రి మాత్ర వేసుకున్నా ఒంట్లో మందు మోతాదు పెరగొచ్చు. కిడ్నీ మార్పిడి తర్వాత టాక్రోలిమస్ వాడేవాళ్లు దాని జోలికి పోకూడదు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లు డాక్టరుని అడిగి తినాలి.

రక్తం పలచబడే వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లకి ఒక్క మాట: వెల్లుల్లి, పసుపు క్యాప్సూళ్లు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, రక్తస్రావం అవ్వొచ్చు.

అపోహ: నాటు మందు సంగతి చెబితే డాక్టరు తిడతారు.

తిట్టినా చెప్పండి. ఆపరేషన్ ఉంటే తేదీ ఖాయమైన రోజే చెప్పాలి, చాలావాటిని రెండు వారాల ముందే ఆపమంటారు. చెప్పడానికి మొహమాటమైతే ఆ పొట్లం మా కౌంటర్ మీద పెట్టండి. ఏ మాత్రతో పడదో చూసి చెబుతాం. పేరూ లైసెన్సు నెంబరూ లేని మోకాళ్ల నొప్పుల పొడి అయితే తప్పకుండా చూపించండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలున్నాయి. ముఖం ఉబ్బడం, షుగర్ అదుపు తప్పడం దాని గుర్తులు. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. ముందు డాక్టరుకి చూపించి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.