ఒకే కంపెనీ, రెండు దేశాలు: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ, మీ ఇద్దరికీ నా ఆశీస్సులు.

బయటి దేశం నుంచి ఆయిల్ కంపెనీ వచ్చి చమురు తవ్వితే ఆ దేశం బాగుపడుతుందా, పాడవుతుందా అని అడిగారు. చెరో పక్షం పట్టుకుని గట్టిగానే వాదించుకున్నారట కదా! ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

బ్రిటన్, నెదర్లాండ్స్ మూలాలున్న పెద్ద ఆయిల్ కంపెనీ షెల్‌నే తీసుకుందాం. నైజర్ నది సముద్రంలో కలిసే డెల్టాలో, నైజీరియాలోని ఒలోయిబిరి దగ్గర 1956లో షెల్-బీపీ (షెల్, బ్రిటన్ కంపెనీ బీపీల ఉమ్మడి సంస్థ) వాళ్లకు చమురు పడింది. రెండేళ్లలో ఎగుమతి మొదలైంది. నార్వే సముద్రంలోనూ షెల్ పనిచేసింది. అక్కడ ద్రౌగెన్ అనే క్షేత్రం నుంచి 1993లో చమురు తీయడం మొదలుపెట్టింది. రెండు చోట్లా కంపెనీ పేరు అదే. దాని చేత ఎలా పని చేయించుకున్నారన్నదే తేడా.

గ్యాస్ సంగతి చూడండి. చమురు పైకి వచ్చేటప్పుడు దాంతోపాటు గ్యాస్ కూడా వస్తుంది. దాన్ని పట్టి పైపుల్లో పంపాలంటే బోలెడు ఖర్చు. గొట్టం చివర మంట పెట్టి తగలబెట్టేస్తే చౌక. పనికొచ్చే గ్యాస్‌ను పరీక్షల సమయంలో కొద్దికాలం తప్ప తగలబెట్టకూడదని నార్వే పార్లమెంటు కమిటీ 1971లోనే తేల్చి చెప్పింది. నైజీరియా చేతులు ముడుచుకుని కూర్చుందని అనుకోకండి, అదీ 1979లో చట్టం చేసింది. 1984 జనవరి 1 తర్వాత మంత్రి అనుమతి లేకుండా గ్యాస్ తగలబెట్టకూడదంది. కానీ అనుమతులు ఇస్తూనే పోయారు. జరిమానా కట్టడమే చౌక అన్నట్టుగా ఉండేది. డెల్టా ఊళ్ల పక్కన ఆ మంటలు దశాబ్దాల తరబడి రాత్రీ పగలూ మండాయి. కాగితం మీద చట్టం రెండు చోట్లా ఉంది. దాన్ని పట్టుబట్టి అమలు చేసింది మాత్రం ఒక్క చోటే.

ఇక డబ్బు. తీసిన చమురు మీద రాయల్టీ అనే రుసుము వస్తుంది, లాభం మీద పన్ను వస్తుంది. భాగస్వామ్యం ఉంటే వాటా కూడా వస్తుంది. నైజీరియాలో షెల్ నడిపిన జాయింట్ వెంచర్‌లో ప్రభుత్వ కంపెనీది 55 శాతం, షెల్‌ది 30, మిగతా 15 టోటల్, ఏజిప్ కంపెనీలవి. అంటే కంపెనీ మొత్తం దోచుకుపోయింది, దేశానికి ఏమీ రాలేదు అనడం తప్పు. వచ్చింది, చాలానే వచ్చింది. అది డెల్టా ఊళ్ల దాకా చేరలేదన్నదే అక్కడివాళ్ల గోడు. నార్వే మాత్రం చమురు లాభాల మీద 78 శాతం పన్ను వేసింది. 1990లో చట్టం చేసి, ఆ ఆదాయాన్ని తరువాతి తరాల కోసం ఒక నిధిలో వేస్తోంది. అయినా కంపెనీలు పారిపోలేదు! పన్ను వేస్తే పెట్టుబడి రాదని ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే ఈ లెక్క చెప్పండి.

అయితే ప్రభుత్వమే పెద్ద భాగస్వామి అయినప్పుడు ఒక చిక్కు ఉంది. ఉత్పత్తి ఆగితే తనకూ నష్టమే కాబట్టి తనిఖీ చేసే చెయ్యి వణుకుతుంది. వాటా లేకపోయినా, ఉత్పత్తి పెంచాల్సిన శాఖకే భద్రత కూడా అప్పగిస్తే అంతే. బ్రిటన్‌కు ఈ సంగతి ప్రాణాలు పోయాకే తెలిసింది. అక్కడి ఉత్తర సముద్రంలో ఆక్సిడెంటల్ అనే అమెరికన్ కంపెనీ నడిపే పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ ఉండేది. 1988 జులై 6న పగటి షిఫ్ట్‌వాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వ్‌ను రిపేరు కోసం విప్పారు. పని పూర్తికాక, దాని స్థానంలో ఒక మూత బిగించి వెళ్లారు. వాల్వ్ లేదన్న కబురు రాత్రి షిఫ్ట్‌కు అందలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోవడంతో, తెలియక ఇదే పంపును ఆన్ చేశారు. గ్యాస్ లీకై పేలింది. మంటలు కనిపిస్తున్నా పక్క ప్లాట్‌ఫామ్‌ల నుంచి చమురు, గ్యాస్ ఇటువైపు వస్తూనే ఉన్నాయి. 167 మంది చనిపోయారు. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ 106 సిఫారసులు చేశారు. భద్రత బాధ్యతను ఇంధన శాఖ నుంచి తీసేసి వేరే సంస్థకు అప్పగించారు. నా దృష్టిలో ఆ 106లో అన్నిటికంటే విలువైన మార్పు ఇదే.

మళ్లీ డెల్టాకు వద్దాం. అక్కడి ఒగోనీ ప్రజల నేల, నీళ్లు పాడవుతున్నాయని కెన్ సారో-వివా అనే రచయిత ఉద్యమం నడిపారు. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఆయన్నూ, మరో 8 మందినీ ఉరి తీసింది. ఆయన చెప్పింది ఎంత నిజమో 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ నివేదికలో బయటపడింది. ఒగాలే దగ్గర జనం తాగే బావి నీళ్లలో, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితికి 900 రెట్లు పైగా ఉంది. ఒగోనీ ప్రాంతం కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చని ఆ నివేదిక చెప్పింది. ఆ నీళ్లే తాగి పెరిగిన మీ ఈడు పిల్లలు అక్కడ ఉన్నారు. రాస్తుంటేనే మనసు చివుక్కుమంటోంది.

పైపులకు కన్నాలు పెట్టి చమురు దొంగిలించేవాళ్ల వల్లే ఎక్కువ చమురు ఒలుకుతోందని కంపెనీ అంటుంది. దొంగతనాలు జరుగుతున్న మాట నిజమే. కానీ 2008లో బోడో దగ్గర రెండుసార్లు పైపు కారి మడ అడవులు, చేపల వేట దెబ్బతిన్నప్పుడు బాధ్యత తమదేనని షెల్ ఒప్పుకుంది. 2015లో 5.5 కోట్ల పౌండ్లు పరిహారంగా ఇచ్చింది, అదీ జనం లండన్ కోర్టుకెక్కాక. సొంత దేశంలో న్యాయం దొరికితే మత్స్యకారులు అంత దూరం ఎందుకు వెళ్తారు?

2025 మార్చిలో షెల్ నైజీరియా నేల మీది వ్యాపారాన్ని రినైసెన్స్ అనే సంస్థకు అమ్మేసింది. పాత పైపులతోపాటు పాత కాలుష్యం బాధ్యత కూడా చేతులు మారుతుందా అన్నది ఇప్పుడు నడుస్తున్న గొడవ. ఏనాడో ఒలికిన చమురుకైనా షెల్‌ను కోర్టుకు లాగవచ్చని ఒగాలే, బిల్లే అనే డెల్టా ఊళ్ల ప్రజల కేసులో లండన్ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. అసలు విచారణ ఇంకా మిగిలే ఉంది. శుభ్రం చేసే ఖర్చు అమ్మినవాడు పెట్టాలా, కొన్నవాడు పెట్టాలా, 55 శాతం వాటా ఉన్న ప్రభుత్వం పెట్టాలా? ఈసారి దీని మీద వాదించుకుని, ఎవరు ఏమన్నారో నాకు విడివిడిగా రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య