తొట్టిలో పుట్టే రబ్బరు

డాలస్ శివార్లలో ఒక షెడ్డు. అద్దం ఇవతల కుర్చీలో కూర్చుని నా పికప్ ట్రక్కు వంక చూస్తున్నాను. తల నుంచి కాళ్ల దాకా తెల్ల తొడుగు వేసుకున్న ఒకాయన గన్ పట్టుకుని వెనక తొట్టిలోకి నల్లటి తుంపర కొడుతున్నాడు. తొట్టి అన్నది మన ఊరి ట్రాక్టర్ మాట, ఇక్కడివాళ్లు దాన్ని బెడ్ అంటారు. ఆయన ఒక మూల కొట్టి రెండో మూలకు జరిగేలోపే మొదటి మూలలో తడి మెరుపు పోయింది. ఇంత త్వరగా ఎలా ఎండిందబ్బా అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అందులో ఎండటానికి అసలేమీ లేదని.

గోడకు వేసే పెయింటు ఎండుతుంది. అంటే అందులోని నీళ్లో, టర్పెంటైన్ లాంటి ద్రావకమో గాలిలోకి పోయి, మిగిలింది గోడకు అతుక్కుంటుంది. తొట్టి లోపల కొట్టే ఈ రక్షణ పూతలో, అంటే స్ప్రే బెడ్ లైనర్‌లో, పోయేది దాదాపు ఏమీ ఉండదు. రెండు వేర్వేరు డ్రమ్ముల్లోంచి వచ్చిన రెండు ద్రవాలు గన్‌లో కలుసుకుని మూడో పదార్థం అవుతాయి. డ్రమ్ముల్లో ఉన్నంతసేపూ అది రబ్బరు కాదు. నా తొట్టిలో ఉన్న రబ్బరు నా తొట్టిలోనే పుట్టింది.

అసలు దీని అవసరం ఏమిటంటే, అమెరికాలో పికప్ తొట్టి పడే పాట్లు అలాంటివి. 1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారుకే వెనక తొట్టి తగిలించి 281 డాలర్లకు అమ్మినప్పటి నుంచీ ఈ బండి పనిముట్టే. కంకర, కట్టెలు, గడ్డి కోసే మెషీను, నా విషయంలో అయితే వారాంతాల్లో గుడి అన్నదానం గుండిగలు. బ్రేకు వేసినప్పుడల్లా అవి ముందుకు జారి ఠంగుమనడం, వెనక సీట్లో మా ఆవిడ ఉలిక్కిపడటం మామూలే. కంపెనీ వేసిన పెయింటు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. ఆ మాత్రం పొర పార గీసే ఒక్క గీతకు కూడా చాలదు. గీత పడితే ఉక్కు బయటపడుతుంది, నీళ్లూ గాలీ తగులుతాయి, తుప్పు మొదలవుతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది మరీ వేగం.

ఇంతకుముందు ఎక్కువమంది వాడింది అచ్చు పోసిన ప్లాస్టిక్ తొట్టి. తెచ్చి లోపల దింపడమే, అరగంట పని. చవక కూడా. కానీ దానికీ ఉక్కు రేకుకూ మధ్య సందు ఉంటుంది. అందులోకి వాన నీరు, ఇసుక చేరతాయి. బండి కదిలినప్పుడల్లా ప్లాస్టిక్ ఆ ఇసుక మీద రాసుకుంటూ పెయింటును గీకుతుంది. రేకును కాపాడాల్సిన వస్తువే ఎవరికీ కనపడకుండా దాన్ని తినేస్తుంది. పైకి తీసి చూసిన రోజు గానీ సంగతి తెలియదు.

స్ప్రే పద్ధతిలో ఆ సందు ఉండదు. దానికి కారణం రసాయన శాస్త్రంలో ఉంది.

మొదటి డ్రమ్ములో ఉండేది ఐసోసైనేట్ జాతి రసాయనం. దాని అణువు చివర్లలో నైట్రోజన్, కార్బన్, ఆక్సిజన్ ఒకే వరుసలో ఉన్న గుంపులుంటాయి. మధ్యలో ఉన్న కార్బన్‌కు ఎలక్ట్రాన్ల కరువు. ఎలక్ట్రాన్లు మిగులుగా ఉన్న నైట్రోజనో ఆక్సిజనో దగ్గరికొస్తే వెంటనే పట్టేసుకుంటుంది. రెండో డ్రమ్ములో పాలియాల్ అనే ఆల్కహాల్ రకం ద్రవం ఉంటే పుట్టేది పాలీయురెథేన్. నైట్రోజన్ ఉండే అమీన్ అనే రకం ఉంటే పుట్టేది పాలీయూరియా. చాలా బెడ్ లైనర్లు ఈ రెంటిలో ఒకటి, లేదా రెంటి మిశ్రమం.

పాలీయూరియాలో ఉన్న యూరియా మన ఎరువుల బస్తాలోదేనా? పేరు దానిదే, కట్టు కూడా దానిదే. ఎరువు యూరియా అణువులో నడుమ ఒక కార్బన్, దానికి ఒక ఆక్సిజన్, అటూ ఇటూ చెరొక నైట్రోజన్. 1828లో ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో తయారుచేసింది ఆ అణువునే. పాలీయూరియాలో అదే కట్టు పొడవాటి గొలుసుల మధ్య మళ్లీ మళ్లీ వస్తుంది. అంతమాత్రాన లైనర్ తయారీకి ఎరువు వాడతారనుకోకండి, దారి వేరు.

పాలీయురెథేన్‌ను 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. ఆయన పనిచేసింది బేయర్ ప్రయోగశాలల్లోనే అయినా, ఆ కంపెనీ స్థాపించిన కుటుంబంతో ఆయనకు చుట్టరికం లేదు. స్ప్రే చేసే పాలీయూరియా చాలా ఆలస్యంగా, 1980లలో వచ్చింది. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో టెక్సకో కెమికల్ కంపెనీ ప్రయోగశాలలో డడ్లీ ప్రిమో దాని మీద పనిచేశాడు. ఆలస్యానికి కారణం వేగమే. ఆల్కహాల్‌తో ఐసోసైనేట్ కాస్త నింపాదిగా కలుస్తుంది, త్వరపెట్టాలంటే ఉత్ప్రేరకం వెయ్యాలి. అమీన్‌కు ఏ ఉత్ప్రేరకమూ అక్కర్లేదు, సెకన్లలో గడ్డకడుతుంది. బకెట్లో కలిపితే కలిపిన కర్ర బయటికి రాదు. ఇలాంటి పదార్థాన్ని వాడాలంటే ముందు దానికి తగ్గ యంత్రం ఉండాలి.

షెడ్డులో నేను చూసింది ఆ యంత్రాన్నే. రెండు ద్రవాలనూ సుమారు 65 నుంచి 75 డిగ్రీల దాకా వేడిచేసి పలచబరుస్తారు. ఒక్కోటి ఒక్కో వేడి గొట్టంలో వస్తుంది. ఒత్తిడి దాదాపు 2,000 పీఎస్ఐ. కారు టైరులో ఉండేది 35, అంటే దానికి అరవై రెట్లకు దగ్గర. గన్ చివర ఉన్న చిన్న గదిలో రెండు ధారలూ ఎదురెదురుగా ఢీకొంటాయి. కలపడం అంటే ఆ ఢీకొట్టడమే. ట్రిగ్గర్ వదిలిన మరుక్షణం ఆ గదిని ఊడ్చేసే ఏర్పాటు గన్‌లోనే ఉంది. లేకపోతే తర్వాతి బండికి గన్ మిగలదు.

తొట్టి అడుగున గరుకుగా, కంది గింజలు చల్లినట్టు కనపడేదీ ఈ వేగం పుణ్యమే. చివరి పూత దూరం నుంచి కొడతారు. చినుకులు రేకును చేరేలోపే సగం గట్టిపడి, పరుచుకునే తీరిక లేక చుక్కల్లా నిలిచిపోతాయి. గుండిగలు ఇప్పుడు జారకపోవడానికి ఒక కారణం ఆ చుక్కలు. ఇంకో తమాషా, అంచు కత్తిరించే పద్ధతి. లైనర్ ఆగాల్సిన చోట ముందుగా ఒక టేపు అంటిస్తారు, దాని అంచులో సన్నటి తీగ దాగి ఉంటుంది. కొట్టిన వెంటనే ఆ తీగను లాగితే పూత గీత గీసినట్టు తెగుతుంది. కాసేపు ఆలస్యమైతే తెగదు.

ఇక ఈ వేగం తెచ్చే తంటా. ఏ జిగురైనా అతకాలంటే ముందు ఉపరితలాన్ని తడపాలి, సన్నటి గుంటల్లోకి పాకాలి. మూడు నాలుగు సెకన్లలో గడ్డకట్టేదానికి పాకే వ్యవధి ఏది? అందుకే షాపువాళ్లు కొట్టే సమయం కన్నా రుద్దే సమయమే ఎక్కువ. కంపెనీ పెయింటు మీది మెరుపు పొరను ఎమరీతో గరుకు చేసి, దుమ్ము పోయేలా కడిగి, నూనె మరక లేకుండా ద్రావకంతో తుడుస్తారు. కొత్త బండి పెయింటును కావాలని పాడుచేయడం చూస్తే యజమానికి కడుపు తరుక్కుపోతుంది. నేను అంతకుముందు ఏడాది ఈ పనంతా ఎందుకని డబ్బాలో దొరికే రోలర్ రకం తెచ్చి, సబ్బు నీళ్లతో ఒకసారి కడిగేసి వేశాను. ఆరు నెలలకు టెయిల్‌గేట్, అంటే తొట్టి వెనక తలుపు దగ్గర కాగితంలా లేచి ఊడింది. తప్పు డబ్బాది కాదు, నా బద్ధకానిది.

ఆ డబ్బా రకాల్లో కొన్ని గాలిలోని తేమతో గట్టిపడతాయి. నీటితో కలిస్తే ఐసోసైనేట్‌లో కొంత భాగం అమీన్‌గా మారి, కార్బన్ డై ఆక్సైడ్‌ను వదులుతుంది. ఆ అమీన్ మిగిలిన ఐసోసైనేట్‌తో కలిసి యూరియా కట్టు వేస్తుంది. పలచటి పొర అయితే ఆ వాయువు మెల్లగా బయటికి పోతుంది. తడి రేకు మీద మందంగా వేస్తే లోపలే చిక్కుకుని బుడగలవుతుంది. పరుపుల్లోని నురుగు తయారీకి పనికొచ్చేదీ ఈ చర్యే.

ఇక్కడ ఒక చీకటి గుర్తొస్తుంది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో జరిగిందీ ఈ కుటుంబపు రసాయనంతోనే. అక్కడి ట్యాంకులో ఉన్న మిథైల్ ఐసోసైనేట్‌లోకి నీళ్లు చేరాయి. ఇదే చర్య, ఇదే వాయువు, దాంతోపాటు పుట్టే వేడి, కానీ పదుల టన్నుల లెక్కన. మిథైల్ ఐసోసైనేట్ చిన్న అణువు, 39 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, అందుకే ఊరంతా కమ్మేసింది. బెడ్ లైనర్లలో వాడే ఎం.డి.ఐ. అనే ఐసోసైనేట్ దానికి పెద్ద చుట్టం లాంటిది. బరువైన అణువు, మామూలు వేడికి దాదాపు ఆవిరి కాదు. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

అయినా వేడిచేసి, అంత ఒత్తిడితో తుంపర కొడితే ఆవిరి కాని పదార్థం కూడా గాలిలోకి లేస్తుంది. ఒకసారి ఊపిరితిత్తులకు దాని మీద అలెర్జీ పట్టిందంటే ఆ తర్వాత అతి కొద్ది మోతాదు కూడా ఆస్తమా తెప్పిస్తుంది. అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2006లో ప్రత్యేకంగా ట్రక్కు బెడ్ లైనర్ కొట్టే పనివాళ్ల కోసమే ఒక హెచ్చరిక వెలువరించింది. ఒక వ్యాన్ లోపల లైనర్ కొడుతూ ప్రాణం పోగొట్టుకున్న కార్మికుడి ఉదంతం అందులో ఉంది. నేను అద్దం ఇవతల కూర్చోవాల్సి రావడం, లోపలి మనిషి మొహానికి బయటి గాలి గొట్టం తగిలించుకోవడం అందుకే. గాలి గొట్టం లేకుండా పెరట్లో చవగ్గా కొట్టిస్తామనేవాళ్లు దొరుకుతారు. డబ్బు మిగిలేది మనకే కావచ్చు, పీల్చేది మాత్రం ఆ పనివాడు. పూర్తిగా గట్టిపడిన లైనర్‌తో ఈ భయం లేదు. అప్పటికి ఐసోసైనేట్ అంతా కట్లలో ఇమిడిపోయి ఉంటుంది.

మరి దీనికి అంత గట్టితనం ఎక్కడిది? గొలుసుల్లో రెండు రకాల ముక్కలుంటాయి. కొన్ని పొడుగ్గా, మెత్తగా, సాగేవి. కొన్ని పొట్టిగా, బిరుసుగా ఉండి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న చిన్న ముడులు కడతాయి. రాయి పడితే మెత్తటి భాగం సాగి దెబ్బను పక్కలకు పంచుతుంది, ముడులు గొలుసులు జారిపోకుండా పట్టుకుంటాయి. అడుగున పూత మందం సుమారు మూడు మిల్లీమీటర్లు, అంటే పెయింటుకు ముప్ఫై రెట్లు. నా ఆరున్నర అడుగుల తొట్టికి లెక్కవేస్తే మొత్తం బరువు పదిహేను కిలోల చిల్లర తేలింది. ఒక చిన్న బియ్యం మూటంత. అమెరికా వైమానిక దళం ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరంలో ఇలాంటి పూతలనే గోడల మీద కొట్టి పేలుళ్లతో పరీక్షించింది. గోడ పగిలినా పెచ్చులు ఎగిరి మనుషులకు తగలకుండా పూత సంచిలా ఆపుతుందా అన్నది వాళ్ల ప్రశ్న.

అలాగని ఇది రేకును ఉక్కుగోడ చేసేయదు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 తొట్టి అల్యూమినియంది. 2016లో షెవర్లే వాళ్లు ఒక ప్రకటనలో లైనర్ లేని ఎఫ్-150 తొట్టిలోకి ఐదడుగుల ఎత్తు నుంచి 825 పౌండ్ల ఇటుకలు పోసి చిల్లులు చూపించారు. తమ ఉక్కు తొట్టికి ఎక్కువగా పడింది సొట్టలే అని మురిసిపోయారు. లైనర్ ఉంటే ఆ దెబ్బల్లో కొన్ని మెత్తబడేవి, కానీ సొట్టలు రెంటికీ తప్పేవి కావు. గీతలకూ తుప్పుకూ ఇది మందు. బరువైన దెబ్బకు కాదు.

టెక్సస్‌లో దీనికి అసలు శత్రువు ఎండ. చవకరకం ఐసోసైనేట్లలో బెంజీన్ వలయాలుంటాయి. అతినీలలోహిత కిరణాలు వాటిని మెల్లగా మార్చి రంగు పోగొడతాయి. వలయాలు లేని రకం ఎండకు తట్టుకుంటుంది కానీ ధర ఎక్కువ, దాన్ని పైపూతగా వేయమంటే వేస్తారు. నేను వేయించలేదు. మూడు వేసవులు గడిచాయి. నల్లగా నిగనిగలాడిన తొట్టి ఇప్పుడు బొగ్గు బూడిద రంగులో ఉంది, వేలితో రుద్దితే సన్నటి పొడి అంటుతోంది. మొన్న శనివారం పులిహోర గుండిగ దించాక ఒక మూల నీళ్లు కొట్టి చూశాను. పై పొడి కడుక్కుపోయింది, కింద నలుపు అలాగే ఉంది.