అనుమానితుల జాబితా ఎలా తగ్గుతూ వచ్చింది

బెంగాల్‌లోని జల్పాయిగురి ప్రాంతంలో ఒక టీ తోట మేనేజరు పడుకున్న మంచం మీదే గొంతు తెగి చనిపోయాడు. డబ్బు, కాగితాలు దాచుకునే పెట్టెను ఎవరో గాలించారు. డబ్బు పోయింది. 1898లో తీర్పు వచ్చిన ఈ కేసులో పోలీసులకు అనుమానితుల కొరతే లేదు. తోట కూలీలు, బట్టల మీద రక్తపు మరకలున్న వంటవాడు, మేనేజరు సంబంధం పెట్టుకున్న ఒకావిడ బంధువులు, ఆ చుట్టుపక్కల తిరుగుతున్న కాబూలీల ముఠా, దొంగతనం చేశాడని ఆయనే జైలుకు పంపిన పాత నౌకరు.

అంతకుముందు రోజుల్లో అయితే వంటవాడి పని అయిపోయినట్టే. ఇంట్లోనే ఉన్నాడు, ఒంటిమీద రక్తం ఉంది, నాలుగు తగిలిస్తే ఒప్పుకునేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడిని పట్టుకోవడం చాలాకాలం దర్యాప్తుగానే చెలామణీ అయింది. భయపడినవాడు కూడా తడుముకుంటాడన్నది ఎవరికీ పట్టలేదు.

ఈసారి మాత్రం పెట్టెలో దొరికిన ఒక బెంగాలీ పంచాంగం మీద పోలీసుల చూపు పడింది. దాని నీలం అట్ట మీద మసగ్గా రెండు గోధుమరంగు మరకలున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అందులో ఒకటి వేలిముద్రలా కనిపించింది. దాన్ని రికార్డుల్లో ఉన్న పాత నౌకరు కంగాలీ చరణ్ కుడి బొటనవేలి ముద్రతో పోల్చారు. సరిపోయింది. వంటవాడి బట్టల మీదివి, యజమాని భోజనానికి పావురాన్ని కోసినప్పుడు పడ్డ మరకలని పోలీసులు నమ్మారు.

తీర్పే చిత్రం. దొంగతనం రుజువైందన్న కోర్టు, హత్యా నేరానికి మాత్రం శిక్ష వేయలేదు. అతను ఆ పెట్టెను ముట్టుకున్నాడని ముద్ర చెబుతుంది, గొంతు కోశాడని చెప్పదు కదా. నన్నడిగితే ఆ కాలానికి చాలా నిదానమైన ఆలోచన అది.

ఈ రికార్డుల పద్ధతి అప్పటికి కొత్త. 1880లలో ప్యారిస్‌లో బెర్టిలాన్ అనే పోలీసు ఉద్యోగి నేరస్థుల తల, చెయ్యి, పాదం లాంటి 11 కొలతలు తీసి కార్డుల మీద రాయించేవాడు. దొరికినవాడు పాత నేరస్థుడో కాదో చెప్పడానికి అది పనికొచ్చింది. కానీ నేరం జరిగిన చోట ఎవరూ తల చుట్టుకొలత వదిలి వెళ్లరు. కలకత్తాలో 1897లో వేలిముద్రల బ్యూరో మొదలైంది. అక్కడి పోలీసు ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కష్టంతో పది వేళ్ల ముద్రలను 1,024 అరల్లో సర్దే పద్ధతి తయారైంది. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఒంటి బొటనవేలితో అన్ని అరలూ వెతకడం కష్టమే. పాత నౌకరు ముందే జాబితాలో ఉండటం కలిసొచ్చి ఉంటుంది.

డీఎన్‌ఏ పరీక్ష వచ్చాక మొదట జరిగింది జాబితాలోంచి ఒకణ్ణి తీసేయడమే. ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గరి పల్లెల్లో 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇద్దరు అమ్మాయిలు హత్యకు గురయ్యారు. రెండో హత్య తనే చేశానని 17 ఏళ్ల కుర్రాడు ఒప్పుకున్నాడు. మొదటిదీ వీడి పనే అని తేల్చుకుందామని పోలీసులు డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి కనిపెట్టిన శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ దగ్గరికి వెళ్లారు. రెండూ చేసింది ఒక్కడే, కానీ ఈ కుర్రాడు కాదని పరీక్షలో వచ్చింది. ఒప్పుకున్నవాడు బయటపడ్డాడు, జాబితా ఖాళీ అయింది.

దాంతో 1987లో చుట్టుపక్కల మగవాళ్లలో వేలమంది రక్తం తీసుకున్నారు. ఎవరిదీ కలవలేదు. కలవదు మరి, కోలిన్ పిచ్‌ఫోర్క్ అనే బేకరీ పనివాడు తన బదులు తోటి పనివాణ్ణి పంపాడు. ఆ సంగతి పబ్‌లో మాటల మధ్య బయటపడింది. విన్న ఒకావిడ పోలీసులకు చెప్పింది. ల్యాబ్ అంత పని చేశాక కూడా దారి చూపింది కబుర్లే.

కంప్యూటర్ డేటాబేస్‌లు వచ్చాక కథ తిరగబడింది. జాబితాను తగ్గించాల్సిన పనిముట్టే దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో పేలుళ్లు జరిగాయి. డిటొనేటర్లున్న (బాంబును పేల్చే పరికరాలున్న) సంచి మీద దొరికిన వేలిముద్రను అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన డేటాబేస్‌లో వేస్తే, దగ్గరగా కనిపించే 20 మంది పేర్లు వచ్చాయి. అందులో అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన ఒక లాయర్ ముద్ర సరిపోయిందని ఎఫ్‌బీఐ నిపుణులు ఒకరి తర్వాత ఒకరు తేల్చారు. కోట్ల ముద్రల్లో వెతికితే చాలా దగ్గరగా ఉండేది ఒకటి ఎక్కడో ఒకచోట తగులుతుందన్న ఆలోచన రాలేదు. ముద్ర కలవడం లేదని స్పెయిన్ పోలీసులు ఏప్రిల్‌లోనే చెప్పారు. అయినా మే 6న ఆయన్ని పట్టుకెళ్లారు. ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ చెప్పాక, రెండు వారాలకు వదిలేశారు.