నీరసం అనే మాటలో పట్టని జబ్బు

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, విటమిన్ డి... నాలుగేళ్ల రిపోర్టులు, అన్నీ నార్మలే. రైతు బజారు నుంచి రెండు సంచుల కూరగాయలు మోసుకొచ్చిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి దువ్వెన పట్టుకున్న చెయ్యి తల దాకా లేవదు. తేరుకోవడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. చికున్‌గున్యా తగ్గాక మొదలైంది ఇదంతా. ఒక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి పంపారు. ఇంకోచోట "టెన్షన్ తగ్గించుకోండమ్మా, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడవండి" అన్నారు. నడిచింది. ఆ వారమంతా మంచం దిగలేదు.

ఆ నడక సలహా వెనక చాలా పెద్ద కథ ఉంది, ఇలా పని చేశాక మనిషి కుప్పకూలే ఒక జబ్బు కథ.

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడ్డారు. ఒళ్ళు నొప్పులు, కండరాల బలహీనత, ఎంతకీ వదలని అలసట. జులై నుంచి అక్టోబరు దాకా ఆసుపత్రినే మూసేశారు. మరుసటి ఏడాది దానికి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ (ఎంఈ), అంటే కండరాల నొప్పులతో మెదడు, వెన్నుపాము వాపు, అన్న పేరు వచ్చింది. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నాడీ వ్యవస్థ జబ్బుల్లో చేర్చింది. ఏడాది తిరక్కుండానే ఇద్దరు సైకియాట్రిస్టులు, మెకెవెడీ, బియర్డ్, అది సామూహిక హిస్టీరియా అని రాశారు. వాళ్ళు రోగుల్ని పరీక్షించలేదు, పాత కేసు కాగితాలు చదివారు. జబ్బుపడ్డవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ కావడాన్ని కూడా ఒక ఆధారంగా చూపారు. డ్యూటీలో కూలబడిన నర్సులకు అంతకు మించిన అవమానం ఏముంటుంది? ఆ ముద్ర దశాబ్దాల పాటు పోలేదు.

1988లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఈ జబ్బుకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే దీర్ఘకాలిక అలసట, అని పేరు పెట్టింది. నా దృష్టిలో అసలు నష్టం ఈ పేరుతోనే జరిగింది. అలసట ఎవరికి ఉండదు? 1991లో బ్రిటన్ నిపుణులు రాసిన ఆక్స్‌ఫర్డ్ నిర్వచనానికి ముఖ్యంగా కావలసింది ఆరు నెలల అలసట. 1994 నిర్వచనం ప్రకారం అలసటతో పాటు ఎనిమిది లక్షణాల్లో ఏవైనా నాలుగు ఉండాలి. పని చేశాక కుప్పకూలడం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే, లేకపోయినా ఫర్వాలేదు. దాంతో డిప్రెషన్‌తో అలసినవాళ్ళూ, మా పిన్నిలాంటివాళ్ళూ ఒకే గంపలో పడ్డారు. ఆ గంపను చూసే రోజురోజుకీ వ్యాయామం పెంచుకుంటూ పోవాలన్న చికిత్స వచ్చింది. 2003లో కెనడా నిపుణులు, 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఆ కుప్పకూలడమే ఉండి తీరాల్సిన లక్షణం అన్నారు. ఆ వ్యాయామ చికిత్స వద్దని బ్రిటన్ మార్గదర్శకాలు చెప్పడానికి 2021 దాకా పట్టింది.

మన దగ్గర చిక్కు మాటతోనే మొదలవుతుంది. రక్తం తగ్గినా నీరసమే, ఉపవాసమున్నా నీరసమే, మనసు బాగోకపోయినా నీరసమే. 1869 నాటి న్యూరస్తీనియా మన ఊళ్ళో ఇంకా "నరాల బలహీనత"గా గోడల మీద కనిపిస్తుంది. 2022లో కొత్తది అమల్లోకి రాకముందు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా పదో కూర్పులో న్యూరస్తీనియా మానసిక సమస్యల కింద, ఎంఈ నాడీ జబ్బుల కింద ఉండేవి. ఒకే మనిషిని ఏ డాక్టర్ చూశారన్న దాన్నిబట్టి ఏ గదిలోనైనా వేసే వీలుండేది.

ఇప్పటికీ ఎంఈని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. మిగతా జబ్బులు కావని తేల్చుకుని, రోగి చెప్పేది ఓపిగ్గా వినాలి. కిక్కిరిసిన ఓపీలో అంత తీరిక దొరకడం కష్టం. పోయినేడాది ఒక డాక్టరమ్మ మాత్రం పిన్నిని అడిగింది: "ఏ పని చేశాక పడిపోతున్నారు? ఎన్ని గంటలకి? ఎన్నాళ్ళుంటోంది?" అప్పటి నుంచి పిన్ని వంటింటి క్యాలెండర్ మీద రాస్తోంది. బట్టలు ఉతికిన రోజు ఒక చుక్క, లేవలేని రోజు అడ్డగీత. నెల తిరగ్గానే ఆ కాగితం చింపి కవరులో అన్నిటికన్నా పైన పెడుతోంది.