నవలలో మాటల పొందిక: కొన్ని అపోహలు, వాస్తవాలు

నవలల రాతప్రతులు చదివి, దిద్ది, అచ్చుకు సిద్ధం చేయడం నా వృత్తి. కథ బాగుంది, పాత్రలు బాగున్నాయి, అయినా చదువుతుంటే ఎక్కడికక్కడ తెగిపోతున్నట్టుంది అనే దిగులుతో వచ్చే రచయితలే ఎక్కువ. లోపం కథనంలో ఉందనుకుని వాళ్లు అధ్యాయాలను అటూ ఇటూ మారుస్తుంటారు. చాలాసార్లు తెగింది కథ కాదు, మాటలు. ఏ మాట మళ్లీ రావాలి, ఏది ఒక్కసారే రావాలి, ఎవరి నోట ఏది పలకాలి అనే ఎరుక తప్పి ఉంటుంది. ఈ విషయంలో చలామణీలో ఉన్న నమ్మకాలను కొన్నింటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఒకే పదం పదే పదే వస్తే భాష పేలవంగా ఉంటుంది. పర్యాయపదాలు మార్చి మార్చి వాడాలి.

వాస్తవం: ఇది బడిలో వ్యాసరచన నుంచి వచ్చిన అలవాటు. నవలకు ఇది చేసే చెరుపు అంతా ఇంతా కాదు. ఉదాహరణకు నేనే అల్లిన నాలుగు వాక్యాలు చూడండి. "రంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఆ వృద్ధుడి చేతిలో చుట్ట ఉంది. మాజీ కరణం వీధిలోకి చూశాడు. ముసలాయన కళ్లు చెమర్చాయి." అరుగు మీద ఎంతమంది ఉన్నారు? ఒక్కడే. పాఠకుడు మాత్రం నలుగురిని ఊహించుకుని, తర్వాత ముగ్గురిని చెరిపేసుకోవాలి. "రంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో చుట్ట ఉంది. వీధిలోకి చూశాడు. కళ్లు చెమర్చాయి" అంటే సరిపోతుంది. పేరు మళ్లీ చెప్పనక్కరలేదు, సర్వనామం కూడా అక్కరలేదు. 'మాజీ కరణం' అనే మాటకు వేరే చోటు ఉంది. పాత దస్తావేజు కోసం ఎవరో ఆయన గుమ్మం ఎక్కినప్పుడు వాడితే ఆ మాటకు పని దొరుకుతుంది.

పునరుక్తి దోషమని ఆలంకారికులు చెప్పలేదా అంటారు. చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. అన్న పదాన్నే మళ్లీ అనడాన్ని 'కథితపదం' అనే దోషంగా లెక్కించిన 'కావ్యప్రకాశం' కర్త మమ్మటుడే, లాటానుప్రాస (అదే మాట అదే అర్థంతో, తాత్పర్యం మాత్రం మారి మళ్లీ రావడం) వంటి చోట్ల అది గుణమవుతుందనీ చెప్పాడు. "కమలాక్షు నర్చించు కరములు కరములు" అన్న పోతన పాదంలో రెండో 'కరములు' స్థానంలో 'హస్తములు' పెట్టి చదివి చూడండి. అర్థం మిగులుతుంది, పద్యం పోతుంది.

అసలు పర్యాయపదాలనేవి ఒకే బరువున్న మాటలు కావు. ఇల్లు, కొంప, లోగిలి, గృహం అన్నింటికీ నిఘంటువు ఒకే అర్థం చెప్పవచ్చు. కానీ 'కొంప' అనగానే విసుగో ఆపదో తోడు వస్తుంది. 'లోగిలి' అంటే పాతకాలపు వాకిలీ, చావడీ కళ్లముందుకు వస్తాయి. 'గృహం' గృహప్రవేశంలో, గృహిణిలో హాయిగా ఇమిడిపోతుంది గానీ, "ఆమె గృహానికి వెళ్లింది" అని రాస్తే పంచాయతీ నోటీసులా ఉంటుంది.

ఈ సందర్భంలోనే ఒక పాత విశ్లేషణ గుర్తుచేయాలి. భాషాశాస్త్రవేత్తలు హాలిడే, రుఖయా హసన్ 1976లో ఆంగ్ల రచనల్లో పొందిక గురించి రాసిన పుస్తకంలో పదాలు ఒకదాన్నొకటి పట్టుకునే తీరులను విడదీసి చూపించారు. అదే పదం తిరిగి రావడం, పర్యాయపదం రావడం, మామిడి అన్నాక చెట్టు అన్నట్టు జాతిని చెప్పే పదం రావడం, 'మనిషి', 'సంగతి', 'చోటు' వంటి మరీ సాధారణమైన పదం రావడం, వీటికి తోడు సహజంగా కలిసి తిరిగే పదాలు దగ్గర దగ్గరగా ఉండటం. మన రచయితలు రెండోదాని మీద చూపే మోజులో పావు వంతు నాలుగోదాని మీద చూపితే బాగుండునని నా కోరిక. ఎందుకంటే ఆ సాధారణ పదమే వెనకటి మనిషిని పట్టి తెస్తూ కథకుడి అభిప్రాయాన్ని కూడా మోసుకొస్తుంది. ఒక పాత్ర చేసిన పని చెప్పి, తర్వాతి వాక్యంలో "ఆ మహానుభావుడు" అన్నా, "ఆ ప్రబుద్ధుడు" అన్నా, "ఆ పిచ్చితల్లి" అన్నా మనిషెవరో తెలుస్తుంది. కథకుడు ఎటు నిలబడ్డాడో కూడా తెలుస్తుంది. విడిగా వ్యాఖ్యానం రాయనక్కరలేదు.

అపోహ: వాక్యాలను కలిపేవి 'కాబట్టి', 'అయితే', 'అందువల్ల', 'దీంతో' వంటి మాటలు.

వాస్తవం: ఇవి లేకపోతే వాక్యాలు విడిపోతాయని భయపడేవాళ్లు తెలుగు క్రియను నమ్మడం లేదన్నమాట. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా, రాగా, రాకముందే: ఇన్ని అసమాపక రూపాలు ముందరి పనికీ తర్వాతి పనికీ ఉన్న సంబంధాన్ని క్రియలోనే చెప్పేస్తాయి. 'దీంతో', 'ఈ నేపథ్యంలో' అనేవి వార్తాకథనాల అవసరం కోసం పుట్టిన కీళ్లు. నవలలో వాటిని చూస్తే నా పెన్ను ఆగదు.

ఇంతకన్నా చిన్నవీ బలమైనవీ ఉన్నాయి. "ఆ రోజు వాన పడింది" అన్నది వాతావరణ సమాచారం. "ఆ రోజూ వాన పడింది" అంటే అంతకుముందు ఇంకో వాన రోజు ఉందని అర్థం. ఒక్క అచ్చు దీర్ఘమైంది, అంతే. ఆ మొదటి వానలో తమ్ముడు ఇల్లు విడిచి వెళ్లిపోయి ఉంటే, అది నూటయాభై పేజీల వెనక ఉన్నా సరే, పాఠకుడి మనసు అక్కడికి వెళ్లి వస్తుంది. 'మళ్లీ', 'ఇంకా', 'కూడా' చేసే పనీ ఇలాంటిదే. 'ఒక పెట్టె' అని పరిచయం చేసి తర్వాత 'ఆ పెట్టె' అనడం అందరూ చేస్తారు. పరిచయమే లేకుండా మొదటి వాక్యంలోనే 'ఆ పెట్టె' అంటే కథకుడు పాఠకుడికి బాకీ పడతాడు. బాకీ తీర్చే ఉద్దేశం ఉంటేనే అలా మొదలుపెట్టాలి.

అపోహ: అతను, ఆయన, వాడు వంటివి చిల్లర విషయాలు. ఏదో ఒకటి వాడుకుంటూ పోవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టేది ఇదే. ఒక పాత్రను కథకుడు పన్నెండు అధ్యాయాల పాటు 'అతను' అని, పదమూడో అధ్యాయంలో 'ఆయన' అంటే పాఠకుడు ఏదో జరిగిందనుకుంటాడు. నిజంగా ఏదైనా జరిగి ఉంటే, ఉదాహరణకు పెత్తనం చేతికి వచ్చి ఉంటే, ఆ ఒక్క మార్పు ఒక సన్నివేశానికి సమానం. రచయిత ఏమరుపాటు వల్ల జరిగితే మనిషి ముఖం చెదిరిపోతుంది. క్రియ కూడా తోడు రావాలి. 'ఆయన వచ్చాడు' అనాలా, 'ఆయన వచ్చారు' అనాలా? రెండూ వాడుకలో ఉన్నవే. మొదటిదాంట్లో కథకుడు గౌరవిస్తూనే సమానంగా నిలబడతాడు, రెండోదాంట్లో ఒక మెట్టు దిగుతాడు. ఏది కావాలో తేల్చుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా నిలబెట్టుకోవాలి. సంభాషణల్లో మాత్రం ఎవరి చనువు వాళ్లది: తల్లికి 'వాడు', భార్యకు 'ఆయన', జీతగాడికి 'అయ్యగారు', పోలీసుకు 'వీడు'. ఒకే మనిషిని ఇంతమంది ఇన్ని మాటలతో పట్టుకుని ఉండటం కూడా పొందికే.

స్త్రీ పాత్రల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. తెలుగులో స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ (జంతువులు, వస్తువుల పేర్లు), బహువచనంలో మహత్తులతోనూ (మగవాళ్లను చెప్పే మాటలు) కలిసి నడుస్తాయి. "వచ్చాడు" అంటే మగమనిషి అని తెలుస్తుంది. "వచ్చింది" అంటే అమ్మాయి కావచ్చు, బస్సు కావచ్చు, ఉత్తరం కావచ్చు, నిద్ర కావచ్చు. కర్తను వదిలేసే స్వేచ్ఛ మగ పాత్రకు ఉన్నంత ఆడ పాత్రకు ఉండదు. అందుకే స్త్రీ ప్రధాన పాత్రగా ఉన్న నవలలో 'ఆమె' అనే మాట లెక్కకు మించి కనబడుతుంది. దాన్ని చూసి కంగారుపడి 'ఆ యువతి', 'ఆ వనిత' అని మార్చకండి. పేరే మళ్లీ వాడండి, లేదా ఆ పేరాలో ఏకవచన కర్తలైన ఇతర వస్తువులను తగ్గించండి. ఈ సందిగ్ధాన్ని కావాలని వాడుకునే దారి కూడా ఉంది. ఎదురుచూస్తున్నది మనిషి కోసమా, ఉత్తరం కోసమా అన్నది తేల్చకుండా "రాలేదు. ఇక రాదు" అని ఆపేయవచ్చు.

అపోహ: నవలను కట్టి ఉంచేది ఒక పెద్ద ప్రతీక. అది దొరికితే చాలు.

వాస్తవం: ప్రతీకకు చోటు లేదని కాదు. విశ్వనాథ 'వేయిపడగలు'లో శీర్షికలోని మాట, కథ జరిగే సుబ్బన్నపేట క్షీణతతో పాటు తరుగుతూ రావడం తెలుగు పాఠకులకు తెలిసిందే. కానీ ప్రతీక ఒక్కటే నిలబడదు. దాని చుట్టూ చిన్న మాటలు పనిచేయాలి. దీనికి నేను చూపించే పాఠం ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ 'బ్లీక్ హౌస్' మొదటి అధ్యాయం. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలనెలా భాగాలుగా వెలువడిన నవల అది. రెండో పేరా నిండా పొగమంచే: నది ఎగువన, దిగువన, పడవల్లో, ముసలివాళ్ల కళ్లలో, గొంతుల్లో. సమీక్షకులు అందరూ ఇక్కడి దాకా చెప్పి ఆగిపోతారు. ఆ మాట కథలోని కోర్టులోకి ఎలా వెళ్లిందన్నది అసలు విద్య. పొగమంచు నడిబొడ్డున న్యాయాధిపతి కూర్చుని ఉంటాడు, తల చుట్టూ మంచు తేజస్సుతో. న్యాయవాదులు ఎడతెగని వ్యాజ్యంలో మసకమసకగా నిమగ్నమై ఉంటారు. మొదటి పేరాలో బురద వీధుల్లో పాదచారులు జారిపోతుంటారు. కోర్టులో న్యాయవాదులు జారుడు పూర్వతీర్పుల మీద ఒకరినొకరు పడగొట్టుకుంటారు. వీధికి చెందిన విశేషణాలు, క్రియలు ఒక్కొక్కటిగా కోర్టు గుమ్మం దాటి లోపలికి నడిచాయి. న్యాయవ్యవస్థ పొగమంచులాంటిదని రచయిత ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఇంత గట్టిగా అతుక్కునేది కాదు.

సేద్యం గురించి రాసేవాళ్లు దీన్ని సులువుగా ప్రయత్నించవచ్చు. పొలం సన్నివేశాల్లో వాడిన నాటడం, కలుపు, కోత, బీడు వంటి మాటల్లో రెండింటిని, ఎక్కువ వద్దు, కుటుంబ సన్నివేశాల్లోకి రానివ్వండి. అయిదింటిని తెస్తే పాఠకుడికి రచయిత చెయ్యి కనబడిపోతుంది.

అపోహ: ఒక వస్తువుకు నవల అంతటా ఒకే పేరు ఉండాలి.

వాస్తవం: కథకుడికి ఉండాలి. పాత్రలకు అక్కరలేదు. అత్తగారు 'పెరడు' అంటుంది, పట్నం నుంచి వచ్చిన కోడలు 'గార్డెన్' అంటుంది. ఇరవయ్యో అధ్యాయంలో కోడలి నోట ఎవరూ అడగకుండా 'పెరడు' వస్తే, ఆ ఇంట్లో ఏం మారిందో వివరించే పేరాను కొట్టేయవచ్చు. నేను కొట్టేస్తాను కూడా.

అపోహ: కంప్యూటర్‌లో వెతికితే ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో తేలిపోతుంది.

వాస్తవం: 'ఇల్లు' అని వెతికితే ఇంటికి, ఇంట్లో, ఇళ్లు తప్పించుకుంటాయి. నీరు అంటే నీటి, నీళ్లు దొరకవు. కన్ను అంటే కంటి, కళ్లు దొరకవు. తెలుగులో రోజువారీ మాటల్లో చాలావాటికి విభక్తి ముందు రూపం మారుతుంది, కాబట్టి ప్రతి రూపాన్నీ విడిగా వెతకాలి. సంధిలో కలిసిపోయినవి అప్పటికీ దొరకవు. పైగా 'కంటి' అని వెతికితే 'ముక్కంటి' కూడా వచ్చి పడుతుంది. నేను ముఖ్యమైన మాటలు ఎంచుకుని, ఒక్కో మాటకు ఒక్కో రంగు పెన్సిలుతో అచ్చుప్రతి మీద గీస్తూ వెళతాను. వారపత్రికలో ధారావాహికగా వచ్చి పుస్తకమవుతున్న నవల అయితే ఈ పని తప్పదు. వారం వారం పాఠకుడికి గుర్తుచేయడానికి పెట్టిన 'రంగయ్య పెద్దకొడుకు సూర్యం', 'ఊరి చివరి పాత మిల్లు' వంటి పరిచయాలు పుస్తకంలో ప్రతి అధ్యాయం మొదట్లోనూ మిగిలిపోయి ఉంటాయి. వాటిలో మొదటిది ఉంచి, మిగిలినవాటిలో 'సూర్యం', 'మిల్లు' మాత్రమే మిగిలేలా కోసేయండి.