కత్తి తగిలితే పాకుతుందా? మెదడు గడ్డలపై అపోహలు, వాస్తవాలు

ఓపీలో ఫిల్ములు చూసి ‘బయాప్సీ చేయాలి’, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి అనగానే, పేషెంటుతో వచ్చిన నలుగురిలో ఒకరైనా అడ్డం పడతారు. “కత్తి పెడితే పాకుతదంట గద సార్?” ఎవరు పుట్టించారో గానీ, న్యూరోసర్జరీలో ఇంత నష్టం చేసిన పుకారు నాకు మరొకటి కనబడలేదు.

అపోహ: ఆపరేషన్ వల్లే గడ్డ పాకుతుంది.

వాస్తవం: గ్లయోమా అంటే మెదడులోనే పుట్టే ఒక రకం గడ్డ. అది, అందులోనూ అన్నిటికన్నా తీవ్రమైన గ్రేడ్ 4 గ్లయోబ్లాస్టోమా, మేము కత్తి పట్టేసరికే పాకి ఉంటుంది. ఎమ్మారైలో కాంట్రాస్ట్ మందు ఎక్కించాక తెల్లగా మెరిసే అంచు ఉంటుంది చూడండి, అది రక్తనాళాలు లీకవుతున్న భాగం మాత్రమే. కణాలు దాన్ని దాటి ఎంతో దూరం వెళ్ళి ఉంటాయి. మెదడు లోపలి వైట్ మ్యాటర్‌లోని నరాల పోగుల వెంట, రక్తనాళాల గోడలను పట్టుకుని ఒక్కొక్కటిగా జరుగుతాయి. దారికి అడ్డొచ్చిన పదార్థాన్ని ఎంజైములతో కరిగిస్తాయి. సందు మరీ ఇరుకైతే ఒంట్లోని నీటిని వదిలి, సన్నబడి దూరతాయి. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కల్లోసం మీదుగా రెండో వైపుకీ దాటతాయి. 1928లోనే వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ కొందరికి గడ్డ ఉన్న మెదడు కుడి సగం మొత్తాన్నీ తీసేశాడు. అంత చేసినా జబ్బు నయం కాలేదు.

‘మొత్తం తీశాం’ అని మేమంటే, స్కాన్‌లో కనబడేదంతా తీశామని అర్థం. మళ్ళీ వచ్చినప్పుడు చాలావరకు పాత అంచుకు 2 సెంటీమీటర్ల లోపే వస్తుంది. కోసిన చోటే వచ్చింది కాబట్టి కోయడం వల్లే వచ్చిందని చుట్టాలు లెక్కగడతారు. అక్కడ కణాలు ముందే ఉన్నాయన్నది వాళ్ళకు తట్టదు. నల్లగొండ నుంచి అన్నను తీసుకొచ్చిన ఒక రైతు మాత్రం నేను బొమ్మ గీసి చెబుతుంటే మధ్యలోనే ఆపాడు. “అంటే తుంగ లెక్కనా సార్? పైన పీకినా కింద గడ్డ ఉంటది.” అంతే అన్నాను. “మరి పీకకపోతే చేను మొత్తం పోతది గద” అని తనే అనుకుని సంతకం పెట్టాడు.

బయాప్సీ సూది వెళ్ళిన దారిలో గడ్డ పెరిగిన కేసులు లేకపోలేదు, కానీ చాలా చాలా అరుదు. బయాప్సీలో నిజంగా భయపడాల్సింది రక్తస్రావం గురించి. డాక్టర్‌ని అడగాల్సిందీ అదే. పైగా ముక్క తీయకుండా జబ్బేమిటో ఎలా తెలుస్తుంది? మన దగ్గర టీబీ గడ్డ కూడా స్కాన్‌లో అచ్చం అలాగే ఉంగరంలా కనబడుతుంది. అది మాత్రలతో తగ్గే జబ్బు.

వరంగల్ వైపు నుంచి ఫిట్స్‌తో వచ్చిన ఒకాయన విషయంలో ఇంటివాళ్ళు భయపడి బయాప్సీ వద్దన్నారు. ఊళ్ళో పసరు పోయించారు. మేమిచ్చిన డెక్సామెథాసోన్ కూడా నడుస్తోంది. దానితో మెదడు వాపు దిగి, రెండు రోజుల్లో తలనొప్పి పోయింది, పేరు మాత్రం పసరుకొచ్చింది. నెలన్నరకు మళ్ళీ తీసుకొచ్చారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట లేదు. భార్య చేతిలో పాత కవరూ కొత్త కవరూ ఉన్నాయి. కొత్త ఫిల్ములో గడ్డ రెండో వైపుకు దాటింది. మొదట్లో చాలావరకు తీయగలిగేవాళ్ళం, ఇప్పుడు ముక్క తీసి పరీక్షకు పంపడమే మిగిలింది. ఆవిడను ఏమనగలం? ఆ సలహా ఇచ్చిన పెద్దమనుషులెవరూ ఆ రోజు ఆస్పత్రికి రాలేదు.

అపోహ: గ్లయోబ్లాస్టోమాకు వైద్యం దండగ.

వాస్తవం: పూర్తిగా నయం చేస్తామని ఎవరన్నా నమ్మకండి. కానీ 2005 నాటి ట్రయల్‌లో ఒట్టి రేడియేషన్‌తో రెండేళ్ళు బతికినవాళ్ళు నూటికి 10 మంది అయితే, టెమోజోలమైడ్ అనే కీమో మందు కలిపితే 26 మంది. 6 వారాల్లో 30 రేడియేషన్ సిట్టింగ్‌లు అనేది ఊరికే పెట్టిన లెక్క కాదు, కత్తికి అందని కణాల కోసం.

మిగతావి త్వరగా చెప్తాను. ఈ గడ్డ మెదడు దాటి లివర్‌కో ఎముకలకో పోవడం చాలా అరుదు. ఊపిరితిత్తులు, రొమ్ము క్యాన్సర్లు మెదడుకు రావడమే మామూలు. పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు గడ్డ వెన్నునీటిలో పాకుతుంది, అందుకే వెన్నుకీ స్కాన్ రాస్తాం, బిల్లు పెంచడానికి కాదు. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమా చాలావరకు క్యాన్సర్ కాదు. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ గడ్డేమోనని టెన్షన్ పడక్కర్లేదు, కానీ పెద్ద వయసులో మొదటిసారి ఫిట్స్ వస్తే స్కాన్ వాయిదా వేయకండి. రేడియేషన్ అయిన తొలి మూడు నెలల్లో స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనబడినా కొన్నిసార్లు అది వాపే అయుంటుంది. రిపోర్టు చదివి ఇంట్లో ఏడవకుండా డాక్టర్‌కి చూపించండి. డెక్సా మాత్ర మాత్రం బాగుంది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, మేం చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.